అప్పుడప్పుడు మాత్రమే పోయే నెట్‌వర్క్: సర్వర్ రూటింగ్ తిప్పలను పట్టుకునే పద్ధతి

గుంటూరు ఊరి బయట ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, ఏ ఛాంబర్‌లో ఉన్నాయి, వాటి మీద ఎంత అప్పు తీసుకున్నారు, అంతా అక్కడి సర్వర్‌లోనే ఉంటుంది. బ్రాడీపేటలోని ఆఫీసు వాళ్లు ఇంటర్నెట్ మీదుగా దాన్ని తెరిచి రసీదులు కొడతారు. ఒక సీజన్‌లో వారానికి ఒకటి రెండు రోజులు బ్రాడీపేటలో ఆ పేజీ తెరుచుకునేది కాదు. స్టోరేజీ గుమస్తాకు ఫోన్ చేస్తే "మాకు బానే వస్తందండీ" అనేవాడు. అబద్ధం కాదు, ఆయనకు నిజంగానే వచ్చేది. చివరికి ఎవరో ఒకరు సర్వర్ రీస్టార్ట్ చేయమనేవారు. ఒక్కోసారి దెబ్బకు బాగయ్యేది, ఒక్కోసారి మూడో రీస్టార్ట్‌కు బాగయ్యేది. దాంతో రీస్టార్టే మందని అందరికీ నమ్మకం కుదిరింది. నన్ను పిలిచేనాటికి పొద్దున్నే షట్టర్ ఎత్తగానే ఒకసారి రీస్టార్ట్ కొట్టే అలవాటు కూడా వచ్చేసింది.

అది మందు కాదు, బొమ్మా బొరుసా ఆట. ఎందుకో కింద చెబుతాను.

పూర్తిగా పోయిన నెట్‌వర్క్‌ను బాగు చేయడం తేలిక, తప్పు ఎదురుగా నిలబడి ఉంటుంది. అప్పుడప్పుడు పోయేదే టెన్షన్ పెడుతుంది, ఎందుకంటే మనం వెళ్లేసరికి అది బాగానే ఉంటుంది. ఇలాంటివి చూసి చూసి నేను పట్టుకున్న ఆనవాలు ఒకటుంది. చాలాసార్లు ఎక్కడో ఒక ప్రశ్నకు రెండు జవాబులు ఉంటాయి. బయటికి దారేది అంటే రెండు గేట్‌వేలు (బయటికి పంపే రౌటర్లు). ఈ ఐపీ (నెట్‌వర్క్‌లో మెషీన్‌కు ఇచ్చే నంబరు) ఎవరిది అంటే రెండు మ్యాక్ అడ్రసులు (నెట్‌వర్క్ పోర్టుకు తయారీలోనే ఇచ్చే నంబర్లు). ఎంత పెద్ద ప్యాకెట్ (ఒకసారి పంపే డేటా ముక్క) పడుతుంది అంటే దారికో కొలత. ఒక పూట ఒక జవాబు, ఇంకో పూట ఇంకో జవాబు చేతికొస్తుంది. రెండు జవాబులున్న ప్రశ్న ఏదో కనిపెడితే సగం పని అయినట్టే.

ఉదాహరణలన్నీ లినక్స్ సర్వర్‌కు చెబుతున్నాను. కమాండ్లను పలికే తీరులో రాశాను, మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట చెబుతాను.

మొదటి అడుగు: ముట్టుకోకముందు రాసుకోండి

రీస్టార్ట్ చేస్తే సాక్ష్యం మొత్తం పోతుంది. రూటింగ్ టేబుల్ (ఏ ప్యాకెట్ ఏ దారిన పోవాలో చెప్పే పట్టిక), ఏఆర్‌పీ టేబుల్ (ఏ ఐపీ ఏ మ్యాక్ అడ్రస్‌దో రాసుకున్న పట్టిక), కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) గుర్తుపెట్టుకున్న దారులు అన్నీ మెమరీలో ఉండేవే. కాబట్టి "రావట్లేదు" అని ఫోన్ రాగానే ఇవి ఒక ఫైల్‌లోకి తీయండి:

ఐపీ అడ్రస్ షో
ఐపీ రూల్ షో
ఐపీ రూట్ షో టేబుల్ ఆల్
ఐపీ నెయ్ (ఎన్ఈఐజీహెచ్) షో
ఐపీ మైనస్ ఎస్ లింక్

ఈ ఐదింటినీ ఒక చిన్న స్క్రిప్ట్‌లో పెట్టి, ఫైల్ పేరులో తేదీ, సమయం వచ్చేలా చేయండి. అన్నిటికంటే ముఖ్యంగా, అంతా బాగున్న రోజున కూడా ఒకసారి నడపండి. చెడ్డ రోజు ఫైల్ ఒక్కటే ఉంటే దాంట్లో ఏది తప్పో కళ్లకు కనిపించదు. బాగున్న రోజు ఫైల్ పక్కన పెట్టి డిఫ్ (రెండు ఫైళ్ల తేడా చూపే కమాండ్) కొడితే తేడా దానంతట అదే బయటపడుతుంది. నాకు పనికొచ్చిన సాక్ష్యాల్లో సగం ఈ డిఫ్ నుంచే వచ్చాయి.

తర్వాత కాపలా పెట్టండి. "ఐపీ మైనస్ టీఎస్ మానిటర్ ఆల్" అనే కమాండ్ రూట్ మారినా, లింక్ పడినా, అడ్రస్ మారినా, పక్క మెషీన్ మ్యాక్ మారినా సమయంతో సహా ఒక లైను రాస్తుంది. దాన్ని సిస్టమ్‌డీ సర్వీసుగా (ఎప్పుడూ వెనక నడిచే పనిగా) పెట్టి ఫైల్‌లోకి మళ్లించండి. రాత్రి రెండింటికి జరిగింది పొద్దున తీరిగ్గా చదువుకోవచ్చు. సర్వర్ గడియారం మాత్రం సరిగ్గా ఉండాలి, లేకపోతే రౌటర్ లాగ్‌తో పోల్చుకోవడం కుదరదు. గడియారాన్ని సరిచేసే క్రోనీ నడుస్తోందో లేదో చూసుకోండి.

ఇంకో కాపలా: నిమిషానికోసారి మూడు చోట్లకు పింగ్ (పలుకుతున్నావా అని అడిగే చిన్న ప్యాకెట్). ఒకటి సొంత గేట్‌వే, రెండు ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల మొదటి రౌటర్, మూడు బయట ఎక్కడైనా బాగా నిలకడగా ఉండే అడ్రస్, ఉదాహరణకు 1.1.1.1. మూడూ పోతే తప్పు మీ గదిలోనే ఉంది. గేట్‌వే పలికి మిగతా రెండూ పలకకపోతే అనుమానం బయటి లైను మీద. మూడూ పలుకుతుంటే కూడా జనానికి రావట్లేదంటే, అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఫోన్ చేసినవాళ్లను అడగాల్సినవి కూడా ఉన్నాయి. ఎవరికి వస్తోంది, ఎవరికి రావట్లేదు? "ఎవరికీ రావట్లేదు" అనే మాటను నమ్మకండి, పక్కవాళ్ల ఫోన్‌లో మొబైల్ డేటా మీద తెరిచి చూడమనండి. పేజీ అసలే రావట్లేదా, లాగిన్ వరకు వచ్చి రిపోర్ట్ దగ్గర ఆగుతోందా? పేరు కొడితే రావట్లేదా, ఐపీ కొట్టినా రావట్లేదా? ఏ టైముకు మొదలైంది? అంతకుముందు కరెంటు పోయిందా? మన దగ్గర ఈ చివరి ప్రశ్న మర్చిపోకూడదు.

రెండో అడుగు: తీగ సంగతి తేల్చేయండి

దీని మీద ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు, కానీ వదిలేయనూ కూడదు. "ఈత్‌టూల్ ఈఎన్‌ఓ1" అని కొడితే స్పీడ్ కనిపిస్తుంది (ఈఎన్‌ఓ1 అన్నది సర్వర్‌లో తీగ గుచ్చే పోర్టు పేరు). 1000 ఉండాల్సిన చోట 100 ఉంటే కేబుల్‌ను అనుమానించండి. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. ఒక జత తెగితే లింక్ 100కు దిగి కుంటుతూ నడుస్తుంది, లేదా పడుతూ లేస్తూ ఉంటుంది. "ఈత్‌టూల్ మైనస్ ఎస్" (ఇక్కడ ఎస్ పెద్ద అక్షరం) చూపించే సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో చెడిపోయి వచ్చిన డేటా) లెక్క గంట గంటకూ పెరుగుతుంటే కూడా అదే అనుమానం.

కోల్డ్ స్టోరేజీల్లో, యార్డు దగ్గరి కొట్లలో మిర్చి కోరు స్విచ్ ఫ్యాన్‌లోకి పోయి పొరలా పేరుకుంటుంది. మే నెల ఎండకు ఆ స్విచ్ మధ్యాహ్నం పూట మొండికేసి, సాయంత్రం చల్లబడ్డాక తనంతట తానే బాగవుతుంది. సమస్య రోజూ పన్నెండు నుంచి నాలుగు మధ్యే వస్తోందంటే రూటింగ్ టేబుల్ చూసే ముందు స్విచ్ మీద చెయ్యి పెట్టి చూడండి. దాన్ని విప్పి దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఇది అనుభవం మీద చెబుతున్నాను.

మూడో అడుగు: దారేదని సర్వర్‌నే అడగండి

రూటింగ్ టేబుల్ మొత్తం చదివి మనసులో లెక్క వేసుకునేకన్నా కెర్నల్‌ను నేరుగా అడగడం మేలు. సమస్య ఉన్న కస్టమర్ పబ్లిక్ ఐపీ 203.0.113.25 అనుకుందాం:

ఐపీ రూట్ గెట్ 203.0.113.25 ఫ్రమ్ 192.168.10.5

ఆ మనిషికి జవాబు ఏ పోర్టు నుంచి, ఏ గేట్‌వే మీదుగా వెళ్తుందో ఇది చెబుతుంది. ఫ్రమ్ అనే మాట చేర్చడం ముఖ్యం. సర్వర్ తానే మొదలుపెట్టే ప్యాకెట్‌కూ, ఫలానా అడ్రస్‌కు వచ్చినదానికి జవాబుగా పోయే ప్యాకెట్‌కూ దారులు వేరు కావచ్చు.

ఇప్పుడు కోల్డ్ స్టోరేజీకి వద్దాం. అక్కడ రెండు ఇంటర్నెట్ లైన్లున్నాయి. మొదటిది ఈఎన్‌ఓ1 పోర్టుకు, అడ్రస్ 192.168.10.5, గేట్‌వే 192.168.10.1. బ్రాడీపేట నుంచి వచ్చే ట్రాఫిక్‌ను ఈ రౌటరే సర్వర్‌కు పంపుతుంది. ఆ సీజన్ మొదట్లో "బ్యాకప్‌గా ఉంటుంది" అని ఇంకో కనెక్షన్ తీసుకుని, దాని తీగను ఈఎన్‌ఓ2లో గుచ్చారు. ఆ పోర్టు డీహెచ్‌సీపీతో (రౌటర్ తానే అడ్రసులు పంచే పద్ధతి) 192.168.20.14 అనే అడ్రస్ తీసుకుంది, దాంతోపాటే ఇంకో డిఫాల్ట్ రూట్ (వేరే దారి రాసిలేని ప్యాకెట్లన్నీ పోయే దారి) కూడా తీసుకుంది. గుచ్చినవాళ్లకు ఆ సంగతి తెలియదు.

గమ్యం అడ్రస్‌తో ఎక్కువ బిట్లు సరిపోయే, అంటే దానికి ఎక్కువ కచ్చితంగా సరిపడే రూట్‌నే కెర్నల్ ఎంచుకుంటుంది. రెండూ డిఫాల్ట్ రూట్లే అయితే మెట్రిక్ (దారికి ఇచ్చే వరస అంకె) తక్కువ ఉన్నది గెలుస్తుంది. పోర్టులను నడిపే నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రాం, మనం ఏ మెట్రిక్కూ చెప్పకపోతే ముందు లేచిన ఈథర్నెట్ పోర్టుకు 100 ఇస్తుంది, తర్వాత లేచినదానికి 101. రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా అయిపోయి, తెల్లారి అన్నీ ఒకేసారి లేచినప్పుడు ఏ రౌటర్ ముందు లేస్తే ఆ రోజుకు అదే దారి. మొదటి రౌటర్ ముందు లేచిన రోజు బ్రాడీపేటకు పని జరిగేది. రెండోది ముందు లేచిన రోజు రిక్వెస్ట్ ఈఎన్‌ఓ1లోకి వచ్చేది, జవాబు ఈఎన్‌ఓ2 వైపు చూసేది. స్టోరేజీలో ఉన్నవాళ్లు అదే 192.168.10 నెట్‌వర్క్‌లో ఉంటారు, వాళ్ల ట్రాఫిక్‌కు డిఫాల్ట్ రూట్‌తో పనే లేదు. అందుకే గుమస్తాకు ఎప్పుడూ వచ్చేది. సర్వర్‌లో కూర్చుని బయటికి పింగ్ కొట్టినా చక్కగా పోయేది. "నెట్ బాగానే ఉంది కదా" అనిపించేది. రీస్టార్ట్ కొట్టిన ప్రతిసారీ మళ్లీ పందెం వేసినట్టే.

విజయవాడ నుంచి గుంటూరు వైపు వారధి మీద వచ్చి, తిరుగు ప్రయాణం ప్రకాశం బ్యారేజీ మీదుగా చేస్తే మనిషికి ఏ ఇబ్బందీ లేదు. ప్యాకెట్లకు మాత్రం ఉంటుంది. రెండో రౌటర్ ఆ జవాబును తన పబ్లిక్ ఐపీతో బయటికి పంపుతుంది. బ్రాడీపేట కంప్యూటర్ అడిగింది ఒకరిని, జవాబిస్తోంది ఇంకొకరు, కాబట్టి అది పారేస్తుంది.

చాలాసార్లు అంత దూరం కూడా పోదు. లినక్స్‌లో ఆర్‌పీ ఫిల్టర్ అనే కాపలా ఒకటుంది. వచ్చిన ప్యాకెట్‌కు జవాబు అదే పోర్టు నుంచి పోయేలా లేకపోతే, ఎవరికీ చెప్పకుండా దాన్ని పడేస్తుంది. విలువ 1 ఉంటే ఇంత కచ్చితంగా ఉంటుంది. 2 ఉంటే ఏదో ఒక పోర్టు నుంచి దారి ఉంటే చాలనుకుంటుంది. 0 అంటే కాపలా లేదు. ఆల్ అనే చోట ఒక విలువ, పోర్టు పేరు కింద ఇంకో విలువ ఉంటాయి, రెండింట్లో పెద్దదే అమలవుతుంది. ఒకదాన్ని 0 చేసి "మార్చినా పనిచేయట్లేదు" అని జుట్టు పీక్కునేవాళ్లను చూశాను.

ఇది పట్టుకునే తీరు: టీసీపీ డంప్‌లో (పోర్టులో వచ్చే పోయే ప్యాకెట్లను చూపే కమాండ్) కొత్త కనెక్షన్ కోసం వచ్చే సిన్ ప్యాకెట్ ఈఎన్‌ఓ1లో కనిపిస్తుంది, కానీ జవాబు ఏ పోర్టులోనూ కనిపించదు. టీసీపీ డంప్ చూసేది ఫిల్టర్ కంటే ముందు, అందుకే వచ్చినట్టు చూపిస్తుంది. అప్పుడు "ఎన్‌స్టాట్ మైనస్ ఏజెడ్" కొట్టి రివర్స్ పాత్ ఫిల్టర్ అని ఉన్న లెక్క చూడండి. పేజీ రీఫ్రెష్ కొట్టినప్పుడల్లా ఆ అంకె పెరుగుతుంటే దొంగ దొరికినట్టే. జవాబు ఈఎన్‌ఓ2లో కనిపిస్తే ఫిల్టర్ తప్పు కాదు, దారి తప్పు.

బాగు చేయడానికి చాలామంది చేసే పని ఆర్‌పీ ఫిల్టర్ తీసేయడం. దాంతో ప్యాకెట్ లోపలికి వస్తుంది, జవాబు మాత్రం ఎప్పటిలాగే తప్పుడు రౌటర్ వైపే పోతుంది. చేయాల్సింది వచ్చిన దారినే జవాబు పంపడం:

ఐపీ రూట్ యాడ్ 192.168.10.0/24 డెవ్ ఈఎన్‌ఓ1 టేబుల్ 100
ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 192.168.10.1 డెవ్ ఈఎన్‌ఓ1 టేబుల్ 100
ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 192.168.10.5 టేబుల్ 100

మొదటి కమాండ్‌ను మింగేయకండి. అది లేకుండా మిగతా రెండే వేస్తే, పక్క బల్ల మీదున్న కంప్యూటర్‌కు వెళ్లాల్సిన జవాబు కూడా రౌటర్ చుట్టూ తిరిగి వస్తుంది. బ్రాడీపేట బాగై గుమస్తాకు రాకుండా పోవచ్చు! రెండో పోర్టుకు కూడా ఇలాగే టేబుల్ 200 అని ఇంకోటి రాయండి. రెండో లైను నిజంగా బ్యాకప్‌గానే కావాలంటే దాని మెట్రిక్‌ను మీరే 500 అని స్థిరంగా పెట్టండి. అసలు దాని డిఫాల్ట్ రూట్ అక్కర్లేదంటే నెట్‌వర్క్ మేనేజర్‌లో నెవర్ డిఫాల్ట్, నెట్‌ప్లాన్‌లో (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులు రాసే చోటు) డీహెచ్‌సీపీ ఓవర్‌రైడ్స్ కింద యూజ్ రూట్స్ ఫాల్స్ అని పెట్టండి.

చేత్తో కొట్టినవి రీబూట్‌తో పోతాయి కాబట్టి కాన్ఫిగ్ ఫైల్‌లో రాయడం తప్పదు. దూరం నుంచి చేస్తుంటే జాగ్రత్త. నెట్‌ప్లాన్ ఉంటే "నెట్‌ప్లాన్ ట్రై" వాడండి, మీరు 120 సెకన్లలోపు ఎంటర్ కొట్టకపోతే పాత కాన్ఫిగ్ దానంతట అదే తిరిగొస్తుంది. అది లేనిచోట పది నిమిషాల తర్వాత పాత ఫైల్ తిరిగి పెట్టే పనిని ముందే షెడ్యూల్ చేసి, ఆ తర్వాతే కొత్తది వేయండి. ఇది చేయక ఒకసారి అర్ధరాత్రి బండేసుకుని సర్వర్ గదికి పోవాల్సి వచ్చింది, వాచ్‌మన్‌ను లేపడానికి అరగంట పట్టింది.

నాలుగో అడుగు: ఒక ఐపీ, ఇద్దరు యజమానులు

ఒక కోచింగ్ సెంటర్‌లో సర్వర్ రోజూ తొమ్మిదింటికి కుంటడం మొదలుపెట్టి, సాయంత్రం ఆరు దాటాక కుదుటపడేది. పిల్లలందరూ ఒకేసారి వాడటం వల్లేమో అనుకున్నారు, ర్యామ్ కూడా పెంచారు. తీరా చూస్తే వేలిముద్ర హాజరు మెషీన్‌కు ఎవరో సర్వర్ ఐపీనే ఇచ్చారు. తొమ్మిదింటికి దాని స్విచ్ వేసేవారు, ఆరింటికి ఆపేసేవారు.

ఇలాంటప్పుడు పక్క కంప్యూటర్లు "ఈ ఐపీ ఎవరిది" అని అరుస్తాయి, ఇద్దరూ "నాదే" అంటారు. చివరగా విన్న మాటే నిలబడుతుంది, కాసేపటికి మారిపోతుంది. సరిచూసేందుకు సర్వర్ మీద నుంచే ఇది కొట్టండి, ఇందులో డీ, ఐ పెద్ద అక్షరాలు:

ఏఆర్‌పింగ్ మైనస్ డీ మైనస్ ఐ ఈఎన్‌ఓ1 మైనస్ సీ 3 192.168.10.5

జవాబు వస్తే ఆ నంబరు ఇంకెవరో వాడుతున్నారు. వచ్చిన మ్యాక్ అడ్రస్‌లో మొదటి మూడు జతలను బట్టి తయారుచేసిన కంపెనీ తెలుస్తుంది, దాంతో అది కెమెరా డీవీఆరా, ప్రింటరా, హాజరు మెషీనా అని ఊహించవచ్చు. మేనేజ్ చేసే స్విచ్ ఉంటే ఆ మ్యాక్ ఏ పోర్టులో ఉందో అదే చెబుతుంది. లేకపోతే తీగలు ఒక్కొక్కటే పీకి చూడటమే. పరీక్ష మాత్రం సమస్య ఉన్న టైములోనే చేయాలి. రాత్రి ఎనిమిదింటికి చేస్తే అంతా శుభ్రంగా కనిపిస్తుంది.

గేట్‌వే ఐపీకి కూడా ఇదే జరగవచ్చు. ఎవరో పాత వైఫై రౌటర్ తెచ్చి లాన్ పోర్టులో గుచ్చితే, దాని అడ్రస్ కూడా 192.168.1.1 అయితే, ఆఫీసు మొత్తం ఊగుతుంది. అది డీహెచ్‌సీపీ కూడా పంచడం మొదలుపెడితే ఇంక చెప్పక్కర్లేదు.

ఐదో అడుగు: చిన్నవి పోతాయి, పెద్దవి ఆగుతాయి

లాగిన్ పేజీ వస్తుంది, రిపోర్ట్ రాదు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) కనెక్ట్ అవుతుంది, పెద్ద ఫోల్డర్‌లో ఫైళ్ల జాబితా కోసం ఎల్ఎస్ కొట్టగానే బిగుసుకుపోతుంది. పింగ్ మాత్రం అద్భుతంగా ఉంటుంది. ఇవి కనిపిస్తే ఎంటీయూను (దారిలో పట్టే అతిపెద్ద ప్యాకెట్ కొలత) అనుమానించండి.

ప్రకాశం బ్యారేజీ మీదికి భారీ వాహనాలను రానివ్వరు. బైకులు, కార్లు పోతాయి, లోడు లారీ ఇటు తిరిగి వారధి మీదుగా పోవాలి. అక్కడ నిలబడి "లారీలు రాకూడదు, అటు పో" అని చెప్పే మనిషి ఉంటే ఇబ్బంది లేదు. నెట్‌వర్క్‌లో ఆ మనిషి పేరు ఐసీఎంపీ. పెద్ద ప్యాకెట్ ఇరుకు దారికి వస్తే రౌటర్ "ఇంతకంటే చిన్నవి పంపు" అని ఐసీఎంపీ కబురు పెడుతుంది. ఎవరో భద్రత పేరుతో ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ మొత్తం ఆపేసి ఉంటే ఆ కబురు చేరదు. లారీ పంపుతూనే ఉంటాం, అది మాయమవుతూనే ఉంటుంది.

మామూలు ఈథర్నెట్ ఎంటీయూ 1500. లాగిన్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ కనెక్షన్‌కు 8 బైట్లు ఖర్చవుతాయి కాబట్టి 1492. కొలిచే పద్ధతి ఇది, ఎం పెద్ద అక్షరం:

పింగ్ మైనస్ ఎం డూ మైనస్ ఎస్ 1472 1.1.1.1

1472కు ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ హెడర్ 8 కలిపితే 1500. ఇది పోకపోతే 1464 పెట్టి చూడండి, అది పోతే దారి 1492ది. వీపీఎన్ (ఇంటర్నెట్ లోపల వేసుకునే సొంత దారి) ఉంటే ఇంకా తగ్గుతుంది, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ మామూలుగా 1420 పెట్టుకుంటుంది.

ఇది అప్పుడప్పుడు మాత్రమే ఎందుకు వస్తుంది? రెండు లైన్లలో ఒకటి 1500, ఇంకోటి 1492 అయితే ఏ రోజు ఏ దారి అన్నదాన్ని బట్టి. పైగా, వచ్చిన కబురును కెర్నల్ 600 సెకన్లే గుర్తుపెట్టుకుని మర్చిపోతుంది. కబురు కొన్నిసార్లే చేరే చోట పది నిమిషాలు బాగుండి మళ్లీ చెడుతుంది. ఐపీ రూట్ గెట్ జవాబులో క్యాష్, ఎక్స్‌పైర్స్, ఎంటీయూ అనే మాటలు కనిపిస్తే ఆ జ్ఞాపకం ఇంకా ఉన్నట్టు.

బాగు చేయడానికి రౌటర్‌లో ఎంఎస్ఎస్ క్లాంప్ (ప్యాకెట్‌లో పట్టే టీసీపీ డేటాకు హద్దు పెట్టే సెట్టింగ్) ఆన్ చేయండి. 1492 దారికి ఎంఎస్ఎస్ 1452. రౌటర్ మీ చేతిలో లేకపోతే సర్వర్ రూట్ మీదే ఎంటీయూ 1492 అని రాయవచ్చు. టీసీపీ ఎంటీయూ ప్రోబింగ్ అనే సిస్‌కంట్రోల్‌ను (కెర్నల్ సెట్టింగ్) 1 చేస్తే, ప్యాకెట్లు మాయమవుతున్నాయని గమనించి కెర్నల్ తానే సైజు తగ్గించుకుంటుంది. ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీని మొత్తంగా ఆపిన రూలును మాత్రం ఎలాగూ తీసేయండి.

ఆరో అడుగు: ఇంట్లో వాళ్లే దారి మళ్లిస్తే

ప్రోగ్రాంలను విడివిడి డబ్బాల్లో నడిపే డాకర్ అనే సాఫ్ట్‌వేర్ తన మొదటి నెట్‌వర్క్‌కు 172.17.0.0/16 తీసుకుంటుంది. మీరు కొత్త కంపోజ్ ఫైల్ (కలిపి నడపాల్సిన డబ్బాల జాబితా) నడిపిన ప్రతిసారీ దాని నెట్‌వర్క్‌కు తర్వాతి ముక్క, 172.18, 172.19 అలా తీసుకుంటూ పోతుంది, అవి అయిపోతే 192.168లోకి కూడా వస్తుంది. మీ విజయవాడ బ్రాంచి వీపీఎన్ 172.20.0.0/16 అనుకుందాం. డెవలపర్ ఏదో పరీక్ష కోసం నాలుగో నెట్‌వర్క్ లేపిన రోజున ఆ బ్రాంచి ఒక్కటే మాయమవుతుంది. పరీక్ష అయిపోయి ఆపేస్తే తిరిగొస్తుంది. డెవలపర్‌కు ఏమీ తెలియదు, మనకూ తెలియదు. ఐపీ రూట్ గెట్ మాత్రం "బీఆర్" అని మొదలయ్యే పేరు చూపించి నిజం చెప్పేస్తుంది.

డాకర్ డేమన్ కాన్ఫిగ్‌లో డిఫాల్ట్ అడ్రస్ పూల్స్ అని ఒక సెట్టింగ్ ఉంది, మీరు ఎక్కడా వాడని ముక్కను దానికి కేటాయించండి. పాత నెట్‌వర్క్‌లు మారవు, వాటిని తీసి మళ్లీ లేపాలి.

మిగతావి, త్వరగా

కెర్నల్ లాగ్‌లో "కాన్‌ట్రాక్ టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్" అని ఉంటే అది రూటింగ్ కాదు, కెర్నల్ కనెక్షన్లు రాసుకునే పట్టిక నిండిపోయింది. పాత కనెక్షన్లు నడుస్తూ కొత్తవి మాత్రమే ఆగుతాయి. కౌంట్, మ్యాక్స్ రెండు విలువలూ పోల్చి చూడండి. పెంచే ముందు అన్ని కనెక్షన్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా చూడండి.

సగం పనిచేసే ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రసులు) ఉంటే కొందరికి వెంటనే, కొందరికి ఆలస్యంగా తెరుచుకుంటుంది. కర్ల్‌కు (వెబ్ పేజీ తెచ్చే కమాండ్) మైనస్ 4, మైనస్ 6 అని విడివిడిగా ఇచ్చి చూస్తే నిమిషంలో తేలుతుంది.

నెట్‌వర్క్ మేనేజర్, అదే పని చేసే నెట్‌వర్క్‌డీ రెండూ ఒకే పోర్టును నడుపుతుంటే ఒకటి పెట్టిన రూట్‌ను ఇంకోటి తుడిచేస్తుంది. ఒకదాన్ని ఆపేయండి. ఐపీ మానిటర్ ఫైల్‌లో ఒకే రూట్ పోతూ వస్తూ ఉంటే దీన్నే వెతకండి.

ఏడో అడుగు: తప్పు బయట ఉందని తేలితే

ఇక్కడ ఎంటీఆర్ (దారిలో ఒక్కో రౌటర్ దగ్గర ఎన్ని ప్యాకెట్లు పోతున్నాయో చూపే కమాండ్) వాడతాం. కనీసం 200 ప్యాకెట్లు పంపండి, పది పంపితే ఏమీ తెలియదు. చదవడంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మధ్యలో ఒక రౌటర్ దగ్గర 60 శాతం నష్టం చూపించి, ఆ తర్వాతి రౌటర్లన్నీ సున్నా చూపిస్తుంటే అక్కడ ఏ తప్పూ లేదు. ఆ రౌటర్ పింగ్‌లకు బద్ధకంగా జవాబిస్తోంది, అంతే. ఒకచోట మొదలైన నష్టం చివరి గమ్యం వరకు కొనసాగితేనే లెక్కలోకి తీసుకోవాలి.

మామూలు ఎంటీఆర్ ఐసీఎంపీతో నడుస్తుంది. ప్రొవైడర్ రెండు మూడు లింకుల మీద ట్రాఫిక్ పంచుతుంటే, ఒక లింక్ చెడిపోయినా మీ పింగ్ మంచి లింక్ మీదే పోతూ ఉండొచ్చు. ఏ కనెక్షన్ ఏ లింక్ మీద పోవాలన్నది అడ్రసులు, పోర్టు నంబర్లను (ఇవి తీగ గుచ్చే పోర్టులు కావు, కనెక్షన్‌కు ఇచ్చే అంకెలు) బట్టి తేలుతుంది. అందుకే అదే ఇంట్లో ఒక ట్యాబ్ తెరుచుకుని ఇంకో ట్యాబ్ తిరుగుతూ ఉంటుంది. మైనస్ టీ, మైనస్ పీ 443 (రెండూ పెద్ద అక్షరాలు) ఇచ్చి టీసీపీతో కూడా నడపండి. కర్ల్‌తో యాభై సార్లు కనెక్ట్ అయి ఎన్ని తప్పాయో లెక్కపెట్టండి. కచ్చితంగా సగమో, మూడో వంతో తప్పుతుంటే చెడిపోయిన లింక్ మీద అనుమానం బలపడుతుంది.

ఎంటీఆర్ చూపించేది వెళ్లే దారి మాత్రమే, జవాబు వచ్చే దారి కనిపించదు. గుంటూరులో ఒక కంపెనీ లైను నుంచి పక్క వీధిలోని ఇంకో కంపెనీ లైనుకు పోయే ప్యాకెట్ కూడా చాలాసార్లు హైదరాబాదో, చెన్నైయో పోయి వస్తుంది. పోవడం ఒక ఊరి మీదుగా, రావడం ఇంకో ఊరి మీదుగా కూడా జరుగుతుంది. కాబట్టి రెండు వైపుల నుంచీ ఒకే సమయంలో తీయాలి.

ప్రొవైడర్‌కు ఫోన్ చేసి "నెట్ సరిగా రావట్లేదు" అంటే "మోడెమ్ ఆపి ఆన్ చేయండి సార్" అనే వస్తుంది. రెండు వైపుల ఎంటీఆర్ ఫలితాలు, సమయాలు, మీ పబ్లిక్ ఐపీ, అవతలి ఐపీ, గేట్‌వే వరకు నష్టం లేదని చూపించే పింగ్ లాగ్, ఇవి మెయిల్‌లో పెట్టి, నెట్‌వర్క్ టీమ్‌కు పంపమని మర్యాదగా అడగండి. కింది స్థాయిలో ఉన్న కుర్రాడి మీద అరవడం వల్ల లాభం లేదు, అతని చేతిలో ఏమీ ఉండదు.

బాగైందని ఎలా తేల్చుకోవాలి

అప్పుడప్పుడు వచ్చే జబ్బు తగ్గిందా, ఇంకా రాలేదా అన్నది ఊరికే చూస్తే తెలియదు. వారానికోసారి వచ్చేదైతే రెండు రోజులు బాగుందని సంబరపడకూడదు. వీలైతే చెడ్డ పరిస్థితిని మనమే కావాలని తెచ్చిపెట్టాలి.

కోల్డ్ స్టోరేజీలో ఒక ఆదివారం అదే చేశాం. రెండు రౌటర్లూ, సర్వర్ ఆపేశాం. మొదట రెండో రౌటర్‌ను ఆన్ చేసి, అది పూర్తిగా లేచాక సర్వర్‌ను, అది కూడా లేచాక మొదటి రౌటర్‌ను ఆన్ చేశాం. పాత పద్ధతిలో అయితే ఇది కచ్చితంగా చెడే వరస. బ్రాడీపేటకు ఫోన్ చేస్తే పేజీ తెరుచుకుందన్నారు. వరస మార్చి ఇంకోసారి చేశాం. తర్వాత నడుస్తుండగానే మొదటి లైను తీగ పీకి, సర్వర్ రెండో లైను మీదుగా బయటికి పోతోందో లేదో చూసి, మళ్లీ గుచ్చాం. మధ్యాహ్నానికి ఆరుసార్లు పూర్తయ్యాయి. సోమవారం పొద్దున గుమస్తా అలవాటుగా రీస్టార్ట్ కొట్టబోతే, పవర్ బటన్ మీద ఇన్సులేషన్ టేప్ అంటించి ఉంది.